మెట్ల కింద చార్జింగు: నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి బహిరంగ లేఖ



ఆత్మకూరులో మోటార్లకు రీవైండింగ్ చేసుకునే మేస్త్రిని నేను. మర్రిపాడు నుంచి సీతారామపురం దాకా మెట్ట ఊళ్లలో బోరు మోటారు కాలిపోతే విప్పి రాగి తీగ మళ్లీ చుట్టేది మా బోటి వాళ్లం. ఇళ్ల వైరింగు పనులకు కూడా పోతుంటాను. కరెంటు ఎక్కడ మండుతుందో, ఎందుకు మండుతుందో చేతులు కాల్చుకుని నేర్చుకున్న వాళ్లం. కొన్నేళ్లుగా మా కొట్టుకు వచ్చే వాళ్లు మోటారు సంగతి అయ్యాక వెళ్తూ వెళ్తూ ఒక మాట అడుగుతున్నారు. "కరెంటు బండ్లు పేల్తాయంట గదా మేస్త్రీ, కొనేదా వద్దా?" అడిగే వాళ్లలో టీచర్లున్నారు, సచివాలయం ఉద్యోగులున్నారు, ఊరూరా తిరిగి పాలు పోసే వాళ్లున్నారు. పెట్రోలు లీటరు వంద రూపాయలు దాటి ఆడుతుంటే, ఉదయగిరి నుంచి దుత్తలూరుకో ఆత్మకూరు నుంచి సంగానికో రోజూ బండి మీద తిరిగే మనిషి ఈ మాట ఊరికే అడగడు. దీనికి జవాబు సగం కొనేవాడి చేతిలో ఉంది. మిగతా సగం మీ మాట వినే శాఖల చేతిలో ఉంది. అందుకే ఈ ఉత్తరం మీకు.

ముందు మన వాళ్ల చావు సంగతి చెప్పాలి. 2025 అక్టోబరు 24 తెల్లవారుజామున కర్నూలు దాటాక చిన్నటేకూరు దగ్గర హైదరాబాదు నుంచి బెంగళూరు పోయే స్లీపర్ బస్సు తగలబడింది. బస్సులో ఉన్న వాళ్లలో 19 మంది కాలిపోయారు. వాళ్లలో మన వింజమూరు మండలం నుంచి పోయి బెంగళూరులో బతుకుతున్న ఒక కుటుంబం ఉంది. అమ్మ, నాన్న, ఇద్దరు పిల్లలు, నలుగురూ పోయారు. ఉదయగిరి, వింజమూరు, కలిగిరి వైపు ఏ ఊళ్లో అడిగినా ఇంటికొకరు హైదరాబాదులోనో బెంగళూరులోనో ఉంటారు. పండగకు రావాలన్నా పెళ్లికి రావాలన్నా ఆ స్లీపర్ బస్సులే దిక్కు. కాబట్టి ఆ వార్త ఇక్కడ ఎవరికీ పరాయి వార్త కాలేదు.

ఆ మంట ఎట్లా పుట్టింది? అంతకు ముందే ప్రమాదం జరిగి రోడ్డు మీద పడి ఉన్న బైకును బస్సు ఈడ్చుకుపోయింది. బైకులో పెట్రోలు కారింది, ఇనుము రోడ్డుకు రాసుకుని రవ్వలు లేచాయి. సామాన్ల అరలో పార్సిలుగా పోతున్న 234 సెల్‌ఫోన్ల బ్యాటరీలు ఆ మంటకు తోడయ్యాయని దర్యాప్తులో బయటపడింది. అంటే మొదలుపెట్టింది పెట్రోలు, నడుస్తున్నది డీజిలు బండి, ఆజ్యం పోసిన వాటిలో ఒకటి ఎవరూ లెక్కలో పెట్టుకోని లిథియం. అంతకు పన్నెండేళ్ల ముందు, 2013 అక్టోబరు 30న, అప్పటి మహబూబ్‌నగర్ జిల్లా పాలెం దగ్గర కల్వర్టును కొట్టిన బస్సులో డీజిలు ట్యాంకు పగిలి 45 మంది చనిపోయారు. ఈ రెండింటి తర్వాతా పర్మిట్ల గురించి మాట్లాడారు, స్లీపర్ బెర్తుల గురించి, అత్యవసర ద్వారాల గురించి మాట్లాడారు. డీజిలు బండి ఎక్కొద్దని మాత్రం ఎవరూ అనలేదు. నేనూ అనను. అదే ఎక్కడో ఒక కరెంటు స్కూటరు కాలిన వీడియో ఫోన్లోకి వస్తే చాలు, మా కొట్టు ముందు పంచాయతీ మొదలవుతుంది. వందేళ్లుగా చూస్తున్న మంటకు అలవాటు పడిపోయాం, కొత్త మంటకు ఉలిక్కిపడుతున్నాం.

లెక్కలు తీస్తే కారు విషయంలో ఆ భయానికి ఆధారం దొరకదు. ఇంధనాన్ని బట్టి విడదీసి లెక్క రాసే దేశాల్లో స్వీడన్ ఒకటి. 2022లో అక్కడ దాదాపు 6.11 లక్షల ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లలో 23 కాలాయి. పెట్రోలు, డీజిలు కార్లు 44 లక్షలుంటే వాటిలో సుమారు 3,400 కాలాయి. లక్షకు లెక్కేస్తే ఎలక్ట్రిక్, హైబ్రిడ్ కార్లు నాలుగు, నూనె కార్లు 77. అయితే ఒక మాట ఒప్పుకోవాలి. ఎలక్ట్రిక్ కార్లు కొత్తవి. నూనె కార్లలో పదిహేనేళ్లవీ ఇరవయ్యేళ్లవీ ఉంటాయి. ముసలి బండిలో పైపులు చీలతాయి, వైర్లు పెళుసవుతాయి. మన దగ్గరైతే ఎలుక కొరుకుతుంది, పైగా ఓనరు మోజు పడి హారన్లూ లైట్లూ పాటల డబ్బా అతుకుల వైర్లతో తగిలిస్తాడు. ఈ తేడా తీసేసినా మొగ్గు ఎటువైపో తెలుస్తూనే ఉంది. 2023 అక్టోబరులో ఇంగ్లండు లూటన్ విమానాశ్రయం పార్కింగు భవనంలో వెయ్యికి పైగా వాహనాలు బూడిదయ్యాయి. తెల్లారేలోపే అది ఎలక్ట్రిక్ కారు పని అని ప్రపంచమంతా తిరిగింది. మొదట అంటుకున్నది డీజిలు కారని అక్కడి అగ్నిమాపక శాఖ తేల్చింది. ఆ సంగతి మా కొట్టు దాకా రావడానికి మాత్రం దారి దొరకలేదు.

బండిలో దాగిన శక్తిని తూకం వేసినా ఇంతే. మామూలు కరెంటు స్కూటరు బ్యాటరీలో పట్టే విద్యుత్తు 3 యూనిట్లు. లీటరు పెట్రోలులో ఉండేది దాదాపు 9 యూనిట్ల శక్తి. అంటే నిండుగా చార్జి అయిన స్కూటరులో ఉండేది లీటరులో మూడో వంతు పెట్రోలుతో సమానం. అదే పెట్రోలును నీళ్ల బాటిళ్లలో పోసి కిరాణా కొట్టు ముందు బల్ల మీద ఎండలో వరసగా పెట్టి అమ్మే ఊళ్లు మన మెట్టలో ఎన్నో మీకు చెప్పక్కర్లేదు. పెట్రోలు సున్నా కంటే 40 డిగ్రీలు తక్కువ చలిలో కూడా అంటుకునేంత ఆవిరి వదులుతుంది. ఆ ఆవిరి గాలి కంటే బరువు, నేల మీదుగా పాకుతూ పోయి పొయ్యిని వెతుక్కుంటుంది. ఇంట్లో గ్యాసు సిలిండరు నుంచి పాత వ్యాన్లలోకి గొట్టం పెట్టి ఎక్కించే వాళ్లు కూడా ఉన్నారు. ఇవన్నీ కళ్ల ముందే జరుగుతున్నాయి, అధికారులూ ఆ దారినే పోతుంటారు.

ఇంతవరకు చదివి, కరెంటు బండ్లతో భయమేమీ లేదని చెప్తున్నాననుకోకండి. కారుకు చెప్పిన జవాబు స్కూటరుకు చెల్లదు. మన ఊళ్లలో అమ్ముడుపోతున్నది కార్లు కావు, స్కూటర్లు.

2022 ఏప్రిల్లో నిజామాబాదులో రాత్రి హాల్లో చార్జింగు పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలి 80 ఏళ్ల పెద్దాయన చనిపోయాడు. అదే నెలలో విజయవాడలో కొత్తగా కొన్న స్కూటరు బ్యాటరీని ఇంట్లోకి తెచ్చి చార్జింగు పెట్టుకుని పడుకుంటే తెల్లవారుజామున పేలి ఇంటాయన పోయాడు, భార్యాపిల్లలు కాలారు. అంతకు ముందు నెల తమిళనాడు వేలూరులో తండ్రీకూతుళ్లు కాలిన స్కూటరు పొగకు ఊపిరాడక చనిపోయారు. 2025 జులైలో మన పక్క జిల్లా కడపలో, ఎర్రగుంట్ల మండలం పోట్లదుర్తిలో, చార్జింగులో ఉన్న బండి అంటుకుని ఇంట్లో నిద్రపోతున్న ఒక పెద్దావిడ బలైంది. 2022 సెప్టెంబరు 12 రాత్రి సికింద్రాబాదులో అయితే కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూము, పైన లాడ్జి. కింద బండ్లూ బ్యాటరీలూ అంటుకుంటే ఆ పొగ మెట్ల దారినే పైకి పోయి 8 మందిని మింగింది. చనిపోయిన వాళ్లు పనుల మీద ఊరికొచ్చి గది తీసుకున్న వాళ్లు. కింద అమ్మేదేమిటో వాళ్లకు పట్టలేదు, పట్టాల్సిన అవసరం కూడా లేదు.

ఇవన్నీ పక్కపక్కన పెట్టి చూడండి. ఏ ఒక్కటీ రోడ్డు మీద జరగలేదు. అన్నీ ఇంటి కప్పు కింద, చాలావరకు చార్జింగు వేళ, మనుషులు నిద్రలో ఉండగా జరిగినవే. పెట్రోలు బండి ఎక్కువసార్లు కాలుతుంది గానీ కాలేది రోడ్డు మీద, దిగి పక్కకు పరిగెత్తొచ్చు. కరెంటు స్కూటరు చాలా అరుదుగా కాలుతుంది, కాలినప్పుడు మాత్రం మంచం పక్కన కాలుతుంది. నా దృష్టిలో అసలు తేడా ఇదే. అమెరికాలో న్యూయార్కు లాంటి నగరానికి కూడా ఇదే తలనొప్పి అయింది. అక్కడ 2023లో లిథియం బ్యాటరీ మంటల్లో 18 మంది చనిపోయారు. ఎక్కువ భాగం ఇళ్లలో చార్జి చేసుకునే చిన్న సైకిళ్ల, స్కూటర్ల బ్యాటరీల వల్లే. ఆ ఏడాదే పరీక్షకు నిలిచిన బ్యాటరీలే అమ్మాలని అక్కడ చట్టం తెచ్చారు.

బ్యాటరీ ఎందుకు మండుతుందో కూడా రెండు మాటలు చెప్పాలి. స్కూటరు బ్యాటరీ అంటే ఒక్క ముద్ద కాదు, చిన్న చిన్న సెల్సు వందలు కలిపి కట్టిన పెట్టె. ఒక సెల్లు లోపల పొర చినిగినా, మితిమీరి చార్జి అయినా, వేడెక్కినా అది తనంతట తనే ఇంకా వేడెక్కుతుంది. ఆ వేడికి పక్కది, దాని వేడికి ఆ పక్కది అంటుకుంటాయి. మండే వాయువులు, విషవాయువులు బుస్సున బయటికొస్తాయి. మన ఎండల్లో మధ్యాహ్నం తిరిగొచ్చిన బండి బ్యాటరీ లోపల ఎంత వేడుందో చేత్తో తడిమితే తెలియదు. రాగానే ప్లగ్గు పెట్టడం ఇక్కడ అందరికీ అలవాటు. ఒక గంట నీడన ఆగితే దానికీ మనకీ మంచిది.

2022లో వరసగా బండ్లు కాలాక మూడు కంపెనీలు కలిపి 6,600కు పైగా స్కూటర్లను వెనక్కి పిలిచాయి. డీఆర్‌డీవో ల్యాబు పరిశీలించి బ్యాటరీల తయారీలో, డిజైన్‌లో లోపాలున్నాయంది. కేంద్రం వేసిన నిపుణుల కమిటీకి పెద్ద మన తెలుగాయనే, హైదరాబాదు ఏఆర్‌సీఐ డైరెక్టరుగా అప్పుడు ఉన్న టాటా నరసింగరావు. ఆ కమిటీ చెప్పిన ప్రకారం ఏఐఎస్-156 నిబంధనలను బిగించారు. సెల్సు నాణ్యత, బ్యాటరీని కాపు కాసే ఎలక్ట్రానిక్ బోర్డు, చార్జరు, ఒక సెల్లు అంటుకుంటే పెట్టె అంతటికీ పాకకుండా చూసుకోవడం, అన్నిటికీ పరీక్షలు పెట్టారు. 2022 డిసెంబరు 1న కొన్ని, 2023 మార్చి 31న మిగతావి అమల్లోకి వచ్చాయి. అందుకే నన్ను అడిగే వాళ్లకు నేను మొదట చెప్పేది, బండి తయారైన తేదీ చూసుకోమని. 2023 ఏప్రిల్ తర్వాత తయారైన, పేరున్న షోరూములో కొన్న బండికీ, అంతకు ముందుదాన్ని ఎవరి దగ్గరో చవగ్గా పట్టుకున్నదానికీ చాలా తేడా ఉంది.

ఇక్కడే ఒక సందు ఉంది. గంటకు 25 కిలోమీటర్లు మించని, 250 వాట్ల లోపు మోటారున్న బండ్లకు రిజిస్ట్రేషను అక్కర్లేదు, లైసెన్సు అక్కర్లేదు, నంబరు ప్లేటు ఉండదు. ముసలాయనలూ బడి పిల్లలూ ఇవే ఎక్కుతున్నారు. నంబరే లేని బండి రవాణా శాఖ లెక్కలోకి రాదు. ఎన్ని ఉన్నాయో, ఎవరింట్లో ఉన్నాయో, లోపల ఏ బ్యాటరీ ఉందో చెప్పే పుస్తకం ఏ ఆఫీసులోనూ ఉండదు. వీటిలో చాలా వాటికి మొదట లెడ్ బ్యాటరీలు వస్తాయి. ఏడాది తిరిగేసరికి అవి చచ్చిపోతాయి. అప్పుడు ఓనరు నాలాంటి వాడి దగ్గరికి వచ్చి "లిథియం ఎయ్యి మేస్త్రీ, దూరం ఎక్కువొస్తదంట" అంటాడు. వేసే వాళ్లు వేస్తున్నారు. చార్జరు మాత్రం పాతదే ఉంచుకుంటారు, దానికి మళ్లీ డబ్బెందుకని. 60 వోల్టుల లెడ్ బ్యాటరీ చార్జరు 73 వోల్టుల పైదాకా తీసుకుపోతుంది. 16 సెల్సు వరసన కట్టిన 60 వోల్టుల లిథియం పెట్టె 67.2 దగ్గర ఆగాలి. ఆ ఆరు వోల్టులను ఆపాల్సింది లోపలి బోర్డు. అది కూడా చవక సరుకైతే ఇక ఆ ఇంటికి కాపు ఎవరూ లేరు. నేను ఈ పని చెయ్యను. నేను చెయ్యకపోతే పక్క వీధిలో చేస్తారు. దీన్ని ఆపడం రవాణా శాఖ, తూనికలు కొలతల శాఖ, పోలీసులు కలిసి కదిలితేనే అవుతుంది. కేసులు పెట్టడం కంటే ముందు మా బోటి మెకానిక్కులందరినీ ఒక పూట కూర్చోబెట్టి చెప్పిస్తే మేలు. మాలో చాలామందికి ఆ 67.2 అంకె తెలియదు. తెలిస్తే చెయ్యరనే నా నమ్మకం.

ఇక నా పనిలోకి వస్తాను. బ్యాటరీ ఎంత మంచిదైనా గోడలో వైరు బాగుండాలి. స్కూటరు చార్జరు మూడు నాలుగు ఆంపియర్లు లాగుతుంది, పెద్ద లోడేమీ కాదు. ఇస్త్రీపెట్టె అంతకు మించి లాగుతుంది. కానీ ఇస్త్రీ పావుగంటలో అయిపోతుంది, చార్జరు నాలుగైదు గంటలు ఆగకుండా లాగుతుంది. కారైతే 16 ఆంపియర్ల ప్లగ్గు నుంచి 14 ఆంపియర్ల దాకా రాత్రంతా. ప్లగ్ పాయింటులో స్క్రూ కాస్త వదులైతే గంట తర్వాత అక్కడ ప్లాస్టిక్ మెత్తబడుతుంది, మూడో గంటకు నల్లబడుతుంది. అది గోడలో కాలుతుంటే నింద బండి మీదికి పోతుంది. మనవైపు పాత ఇళ్లలో ఎర్త్ అనేది పేరుకే. మెట్ట నేలలో ఎండాకాలం తేమ ఉండదు, ఎర్త్ పైపు చుట్టూ ఉప్పూ బొగ్గూ వేసి నీళ్లు పోసి ఎన్నేళ్లయిందో ఇంటి వాళ్లకే గుర్తుండదు. బోరు మోటార్ల దగ్గర కూడా ఇదే చూస్తుంటాను. ఎంసీబీ పదేపదే పడిపోతుంటే దాన్ని తీసేసి పెద్దది వేయించుకునే వాళ్లు ఎక్కువ. ఎంసీబీ పడిపోవడం రోగం అనుకుంటారు. నిజానికి అదొక్కటే ఆ ఇంట్లో పని చేస్తున్నట్టు.

బండి ఎక్కడ పెడుతున్నారో చూస్తే ఇంకా భయం వేస్తుంది. రెండంతస్తుల ఇల్లు కట్టిన ప్రతి చోటా మెట్ల కింద ఖాళీ ఉంటుంది. మీటరు బోర్డు అక్కడే, ఇన్వర్టరు అక్కడే, స్పేరు గ్యాసు సిలిండరు అక్కడే. ఇప్పుడు స్కూటరు కూడా అక్కడే, ఎక్స్‌టెన్షన్ బాక్సు పెట్టి రాత్రంతా. పై వాటాలో అద్దెకున్న వాళ్లకు కిందికి దిగడానికి ఆ మెట్లు తప్ప వేరే దారి ఉండదు. సికింద్రాబాదు లాడ్జిలో పైకి పోయిన పొగ లాంటిదే ఇక్కడ ఏ వాటా ఇంట్లోనైనా పోగలదు. ఆత్మకూరు సెంటర్లో కింద కొట్లు, పైన గదులున్న భవనాలు ఎన్నో మీ వాళ్లు ఒక పూటలో చూసి రావచ్చు. అనుమసముద్రంపేట దర్గాకు వచ్చే యాత్రికులు దిగే లాడ్జీలను మరీ ముందు చూడాలి. నిద్రలో ఉన్న కొత్త మనిషికి చీకట్లో మెట్లు ఎటో కూడా తెలియదు. పైన మనుషులు పడుకునే భవనం కింద బ్యాటరీల గోడౌను గానీ స్కూటర్ల షోరూము గానీ ఉంటే అది ఉండొద్దని ఒక్క ఉత్తర్వు ఇవ్వడానికి మీకు ఎవరి అనుమతీ అవసరం లేదనుకుంటాను. ఇళ్లకు ఉత్తర్వులు పని చెయ్యవు, చెప్పాలి. మెట్ల కింద వద్దు, వాకిలి పక్కన వద్దు, ఆరుబయట రేకు కింద పెట్టుకోండి, నిద్రపోయే ముందు ప్లగ్గు తీసెయ్యండి. ఈ నాలుగు ముక్కలు సచివాలయం వలంటీర్లున్న రోజుల్లో ఇంటింటికీ చేరేవి. ఇప్పుడు కరెంటు బిల్లు వెనక అచ్చు వేయించినా చాలు, బిల్లు చూడని ఇల్లు లేదు.

మంట పుట్టాక ఏమిటనేది మరో సంగతి. లిథియం మంటకు పొడి చల్లితే పైమంట ఆగుతుంది గానీ లోపలి వేడి ఆగదు. చల్లార్చడానికి నీళ్లే గతి, అవీ చాలా కావాలి. టెస్లా కంపెనీ తన కార్ల గురించి ఫైరు వాళ్లకు ఇచ్చిన సూచనల్లో 11 వేల నుంచి 30 వేల లీటర్ల దాకా పట్టొచ్చని రాసింది. స్కూటరుకు అంత అక్కర్లేదు. అయినా ఆరిపోయిందనుకున్నది గంటల తర్వాత, ఒక్కోసారి మర్నాడు కూడా మళ్లీ అంటుకుంటుంది. ఇదే మంట నెల్లూరులో లేస్తే కాలవ ఉంది, పెన్న ఉంది. ఉదయగిరి వైపు? వేసవిలో తాగునీళ్లే ట్యాంకరులో వచ్చే ఊళ్లు అవి. ఉదయగిరి, ఆత్మకూరు ఫైర్ స్టేషన్ల నుంచి కొండల అంచు ఊళ్లకు బండి చేరేటప్పటికే ఆలస్యం. చేరాక ట్యాంకు ఖాళీ అయితే ఎక్కడ నింపాలి? పొలాల్లో బోర్లున్నాయి కదా అంటారు. వ్యవసాయానికి ఇచ్చే తొమ్మిది గంటల కరెంటు పగటి పూట. చార్జింగు బండ్లు కాలేది రాత్రి. ఆ వేళకు బోర్లకు త్రీఫేజు ఉండదు. ఈ ముడి విప్పాల్సింది ఫైరు వాళ్లు ఒక్కరే కాదు, ఎస్పీడీసీఎల్ సబ్‌స్టేషను ఆపరేటరు కూడా. ఫలానా ఊళ్లో మంట అని ఫోను రాగానే ఆ ఫీడరుకు త్రీఫేజు వదిలే ఏర్పాటు ఉంటే దగ్గర్లోని బోరే హైడ్రాంటు అవుతుంది. మండలానికి నాలుగైదు బోర్లు ముందే గుర్తించి, ఫైర్ ఇంజనుకు తగిలే కప్లింగు పెట్టించి ఉంచితే ఖర్చు కూడా పెద్దగా కాదు. ఆ పని గడ్డివాములు తగలబడ్డప్పుడు కూడా ఉపయోగపడుతుంది. మన మెట్టలో వేసవిలో అన్నిటి కంటే ఎక్కువ కాలేవి అవే అని మీకు తెలుసు.

అసలు లెక్క రాయండి. ఇది నా పెద్ద విన్నపం. ఈ జిల్లాలో ఏ వాహనం కాలినా ఫైర్ స్టేషన్ రికార్డులో పెట్రోలా, డీజిలా, గ్యాసా, కరెంటా, ఏ సంవత్సరం బండి, నడుస్తుండగానా, నిలిపి ఉండగానా, చార్జింగులోనా, బ్యాటరీ కంపెనీదా మార్చిందా అనే వివరాలు రాయించి ఏడాదికి ఒకసారి బయట పెట్టండి. 2024 ఆగస్టులో దక్షిణ కొరియా ఇంచాన్‌లో అపార్టుమెంటు సెల్లారులో, చార్జింగులో కూడా లేని ఒక ఎలక్ట్రిక్ కారు అంటుకుని చుట్టుపక్కల పదుల కార్లు కాలిపోయాయి. వెంటనే ఆ ప్రభుత్వం కార్ల కంపెనీలను ఏ కారులో ఎవరు చేసిన బ్యాటరీ ఉందో జనానికి చెప్పమంది. మనం అంత దూరం పోనక్కర్లేదు. జిల్లాలో ఎన్ని ఏ రకంగా కాలాయో చెప్తే చాలు. అప్పుడు నన్ను అడిగే టీచరమ్మకు స్వీడన్ లెక్క కాకుండా నెల్లూరు లెక్క చెప్పగలను. ఫోన్లో వీడియో చూపించే వాడి నోరు కూడా దాంతో ఆగుతుంది. వాడి మాటే నిజమని తేలినా మంచిదే.

భయపెట్టి ఈ బండ్లను ఆపాలని మాత్రం నేను అడగడం లేదు. తిరుమల ఘాటు రోడ్డులో 2022 నుంచి ఆర్టీసీ ఎలక్ట్రిక్ బస్సులు ఎక్కుతూ దిగుతూ ఉన్నాయి. కేంద్రం పథకం కింద ఎలక్ట్రిక్ బస్సులు రావాల్సిన నగరాల్లో నెల్లూరు కూడా ఉంది. రేపు ఆ బస్సులు ముంబయి రోడ్డు మీద ఆత్మకూరు దాకా వస్తే నేనే మొదటి టిక్కెట్టు తీసుకుంటాను. చదువుకున్న ఇంజనీర్లు చూసుకునే డిపోలో, లెక్క ప్రకారం చార్జి చేసే బస్సు వేరు. అర్ధరాత్రి మెట్ల కింద, వదులు ప్లగ్గులో, ఎవరో మార్చిన బ్యాటరీతో నిలబడ్డ స్కూటరు వేరు. భయపడాల్సింది రెండో దానికి. మీ శాఖల కన్ను పడాల్సింది కూడా అక్కడే.

ఎండలు ముదరక ముందే మొదలుపెట్టండి. ఉదయగిరిలో ఒక వారం, ఆత్మకూరులో ఒక వారం, బస్టాండు దగ్గర బల్ల వేసి, కరెంటు బండి ఉన్న ఇళ్ల చిరునామాలు రాసుకుని, ఇంటింటికీ పోయి ప్లగ్ పాయింటు, ఎర్తు చూసి వద్దాం. ఎర్త్ టెస్టరు నా దగ్గర ఉంది. తోడు రావడానికి మా మెకానిక్కులు నలుగురిని నేను ఒప్పిస్తాను. స్తంభం నుంచి మీటరు దాకా ఉన్న సర్వీసు వైరు మేం ముట్టుకోకూడదు కాబట్టి, లైన్‌మన్‌ను మీరు పంపాలి.

ఇట్లు,
ఆత్మకూరు నుంచి
ఒక మోటారు రీవైండింగ్ మేస్త్రి